అనూరాధలో పసుపు గీత

మే 8

ఈ డైరీ ఎవరికీ చూపించేది కాదు. పేపర్లో రాసేది నలుగురి కోసం. ఇది నా కోసం. జూన్ నుంచి జిల్లా పేజీలు సగానికి తగ్గిస్తారని హైదరాబాద్ నుంచి మాట వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ఏ వార్తకూ మరునాడు ‘సవరణ’ పడలేదు. పేజీలు పోయినా ఆ మాట నాతో ఉంటుంది.

ఇక్కడా అదే పద్ధతి. వాస్తవాలు రాస్తాను. విశేషణాలు వాడను.

పరికరం సంగతి ఒకసారి రాసి పెట్టుకుంటాను. చిన్న దూరదర్శిని వెనుక పీవీసీ పైపు. పైపు మూతిలో రెండు బ్లేడు ముక్కల మధ్య సన్నని చీలిక. లోపల వెలుతురును రంగులుగా విడగొట్టడానికి డీవీడీ ముక్క. చివర వెబ్‌కెమెరా. నక్షత్రం మీద పెడితే తెర మీద ఊదా నుంచి ఎరుపు దాకా సన్నని రంగుల పట్టీ వస్తుంది. ఆ పట్టీకి అడ్డంగా పడే గీతలను బట్టి అక్కడ ఏ మూలకం ఉందో చెప్పవచ్చు. ఏ గీత ఎక్కడ పడాలో నిరుడు మెట్ల కింది సీఎఫ్‌ఎల్ బల్బుతో సరిచూసుకున్నాను. ఆ బల్బు మాడిపోయింది. కొలత ఉంది.

ఈ వేసవికి అనూరాధ నక్షత్రం ఎంచుకున్నాను. దాని వెలుగు నిలకడగా ఉండదని చదివాను. నిలకడగా లేనిది వార్త.

మే 11

మా కాలనీ చౌరస్తాలో హైమాస్ట్ లైటు ప్రారంభం. మెయిన్ రోడ్డుకు ఎల్‌ఈడీలు వేసి, అక్కడ దించిన పాత సోడియం బల్బులు మాకు పంపారు. వార్డు నాయకుడు దేవన్న కొబ్బరికాయ కొట్టి, స్తంభానికి కట్టిన రిబ్బను కత్తిరించి, స్విచ్ వేశాడు. మొదటిసారి వెలగలేదు. మళ్ళీ వేశాడు. రెండు ఫొటోలూ పంపాడు, ఏది కావాలంటే అది వేసుకొమ్మని.

స్తంభం కింద మిర్చి బజ్జీల బండి పెట్టే రేణుకమ్మ అందరికీ బజ్జీలు పంచింది. “ఇగ మిర్చి ఏదో, ఈగ ఏదో కనవడ్తది సారూ” అంది.

డాబా మీదికి ఆ వెలుతురు వస్తోంది. ఆగ్నేయం వైపు. అనూరాధ కూడా అటే ఉదయిస్తుంది. చికాకు.

మే 12

అనూరాధ పట్టీ మీద పసుపు రంగులో ఒక గీత. మెరుస్తోంది. నిరుడు తీసిన ఫొటోలన్నీ తిరగేశాను. వాటిలో లేదు. ఈ నెల మొదట్లో తీసిన వాటిలోనూ లేదు. నా కొలత ప్రకారం అది హీలియం గీత పడే చోటు.

అంటే నక్షత్రంలో ఏదో మొదలైంది.

మా ఆవిడ పుష్పలతను పైకి పిలిచాను. చూసింది.

“మంచిగుంది. పసుపు తాడు లెక్కుంది. తింటవా, ఇంకా సూస్తవా?”

ఇది అద్భుతమైన

(ఒక విశేషణం పడింది. వాక్యం అక్కడే ఆపాను.)

మే 13

ఈ రోజూ ఉంది.

మే 14

ఉంది. ఇలాంటి పరికరాలు ఇంట్లో చేసుకునే వాళ్ళ ఇంటర్నెట్ బృందానికి ఫొటో పంపాను. పైనా కిందా కత్తిరించి ఒక కాలమ్ వెడల్పుకు తెచ్చాను. చేతికి అలవాటు.

మే 15

ఎడపల్లి. ధాన్యం కొనుగోలు కేంద్రం. రామకోటేశ్వరరావు గారు పొద్దున్నే ఫోన్ చేసి పిలిచారు. ఆయన తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాల్వ కింద భూమి కొన్నాడు. నాకు పైపు, డీవీడీల విద్య నేర్పింది ఈయనే. బోధన్ చుట్టూ చెరకు గట్టిగా వేసిన రోజుల్లో, రసంలో తీపి చూసే చిన్న గొట్టం ఒకటి కొన్నారట. వెలుతురుకేసి పెట్టి చూసే గొట్టం అది. అందులో కంటికి కనబడిన రంగుల అంచు దగ్గర ఈ పిచ్చి అంటుకుందని చెబుతారు. ఏడాదికోసారి చెబుతారు.

ఒకే బస్తా ధాన్యం. ఈ కేంద్రంలో యంత్రం తేమ పంతొమ్మిది శాతం అంది. పక్క ఊరి కేంద్రంలో పదిహేడు. యంత్రాన్ని ఎప్పుడు సరిచూశారని నిర్వాహకుణ్ణి అడిగాను. “నిరుడు” అన్నాడు.

వార్తకు మొదటి వాక్యం అదే చేశాను: నిరుడు సరిచూసిన యంత్రం ఈ ఏడు చెప్పే అంకెను రైతు ఎలా నమ్మాలి?

బయల్దేరే ముందు కూర్చుని రావు గారికి గీత సంగతి చెప్పాను. లేచి నిలబడ్డారు.

“హీలియమా? అయితే అది మాదేనండీ. పద్దెనిమిది వందల అరవై ఎనిమిది గ్రహణం నాడు మా గుంటూరులోనూ బందరులోనూ గొట్టాలు పెట్టి చూశారు. సూర్యుడి అంచున పసుపు గీత దొరికింది మా నేల మీదేనండీ.”

“గిప్పుడు దొరికింది మా ఇందూరుల,” అన్నాను.

“ఇందూరులో మేం లేమా? మూడు తరాలైంది. ఇంకా మీ మా ఏంటండీ.”

మే 17

బృందం నుంచి జవాబు. నిర్వాహకుడు ఆస్ట్రేలియాలో ఎక్కడో ఉంటాడు. మూడు అడిగాడు. ఒకటి, రెండో మనిషి తన పరికరంతో చూడాలి. రెండు, కొలతను కొత్తగా సరిచూడాలి. మూడు, కత్తిరించని ఫొటో పంపాలి. మూడూ అయితే వాళ్ళ జాబితాలో నా పేరుతో ఎక్కిస్తారట.

మొదటిది న్యాయమే. రెండు సోర్సులు లేకుండా నేనూ వార్త రాయను. రెండోది నిరుడే చేశాను. మూడోది అర్థం కాలేదు. ఫొటోలో చూడవలసింది మధ్యలో ఉంది.

మే 19

హైమాస్ట్ వెలుతురు పట్టీ చుట్టూ పొగలా వ్యాపిస్తోంది. గీత ఇంకా స్పష్టంగా రావాలంటే ఆ లైటు ఆగాలి. ఇది నా స్వార్థం కాదు. కరెంటు వృథా, పిట్టలకు నిద్ర ఉండదు, పురుగులు ఇళ్ళలోకి వస్తాయి. మూడూ వాస్తవాలు.

ఒక చిన్న ఐటం రాశాను. ‘అవసరానికి మించిన వెలుతురుతో ఇబ్బంది పడుతున్నామని, హైమాస్ట్ లైటు ఆర్పివేయాలని స్థానికులు కోరుతున్నారు.’

నేను స్థానికుణ్ణే.

మే 20

డెస్కు నుంచి కల్యాణి ఫోన్. కొత్త పిల్ల కాదు. ప్రశ్న సూటిగా అడుగుతుంది.

“సార్, లైటు వెయ్యమని అడిగే స్థానికులను చూసినం. తియ్యమని అడిగేటోళ్ళు ఎంతమంది?”

“బహువచనం మర్యాదకు కూడా వాడతారు,” అన్నాను.

వేసింది. మూడో పేజీ అడుగున.

మే 22

సాయంత్రం రావు గారి ఫోన్. ధాన్యం వార్త పడ్డాక కేంద్రంలో కొత్త యంత్రం పెట్టారట. అందులో ఆయన బస్తాలు పాసయ్యాయి. గొంతులో సంతోషం ఉంది.

“చూశారా అనూరాధను?” అన్నాను.

“చూశానండీ.”

“గీత?”

“ఎందుకుండదూ. ఉంది.”

రెండో సోర్సు. రాత్రి ఏడింటికల్లా వార్త పంపేశాను. ఫొటో అదే.

మే 23

జిల్లా మొదటి పేజీ. ‘అనూరాధలో పసుపు గీత: ఇందూరు విలేకరి పరిశీలన, ఎడపల్లి రైతు ధ్రువీకరణ’. శీర్షిక కల్యాణిది. నేను మార్చలేదు.

నిన్న రాత్రి కాపీని ప్రెస్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. మా దగ్గర అది మామూలే. ఒకరు రాస్తే అందరూ వేసుకుంటారు. పొద్దున చూస్తే మిగతా నాలుగు పేపర్లలోనూ ఉంది. నలుగురూ నాతో మాట్లాడినట్టు రాశారు. ఎవరూ మాట్లాడలేదు. మల్లికార్జున్ అయితే నేను చిరునవ్వు నవ్వానని కూడా రాశాడు.

అయిదు పేపర్లు. ఎవరూ ఖండించలేదు. ఆస్ట్రేలియాకు క్లిప్పింగులన్నీ పంపాను. ఇంతకంటే ధ్రువీకరణ ఏం కావాలి?

మే 24

ఫోన్లు. ముప్కాల్ నుంచి ఒకాయన: “నా బిడ్డది అనూరాధ నక్షత్రమే సార్. గీత వడ్డదంటున్నరు. లగ్గం పెట్టుకోవచ్చునా?” పెట్టుకొమ్మన్నాను. నవీపేట్ నుంచి ఒక పసుపు రైతు: “రేటు లేస్తదా?” లేవదన్నాను. “మరి పేపర్ల ఎందుకేసిండ్రు?” అన్నాడు.

ఆస్ట్రేలియా జవాబు ఒక వాక్యం. పత్రికలు చదవగలిగే భాషలో లేవు గానీ అయిదింటిలోనూ ఫొటో ఒకటే అని గమనించాడట. కత్తిరించనిది పంపమన్నాడు.

మే 26

నా ఐటం పని చేసింది. లైటు ఆపేశారు. దేవన్న ప్రెస్ నోట్ పంపాడు: స్థానికుల కోరికపై తాను పట్టుబట్టి ఆర్పించానని, దీనివల్ల విద్యుత్ పొదుపు అని. స్విచ్ మీద చేయి పెట్టిన ఫొటో. ప్రారంభం నాటి ఫొటోనే అనుకుంటాను. చొక్కా అదే.

ఫోన్లో అన్నాడు: “లైటు ఏసుడు నేనే, తీసుడు నేనే. పబ్లిక్ ఏదడిగితే గది జేస్త. మంచిగ రాయి అన్నా.”

చాలా రోజుల తర్వాత చౌరస్తా చీకటిగా ఉంది. ఆకాశం మబ్బు పట్టింది.

మే 27

మబ్బు.

మే 28

మబ్బు లేదు. అనూరాధ ఉంది. పట్టీ ఇంతకు ముందెప్పుడూ ఇంత శుభ్రంగా రాలేదు.

గీత లేదు.

పైపు విప్పి బిగించాను. బ్లేడు ముక్కలు తుడిచాను. డీవీడీ ముక్క మార్చాను. లేదు.

మే 29

ఆలోచించాను. గీత రావడం వార్త అయితే, గీత పోవడం ఇంకా పెద్ద వార్త. నక్షత్రంలో మార్పు ఇంత తొందరగా జరిగిందంటే అది అరుదు. ‘అంతుచిక్కని అనూరాధ’ అని శీర్షిక రాసుకున్నాను.

‘అంతుచిక్కని’ విశేషణమే. శీర్షికలో ఉండవచ్చు.

పుష్పలత చదివింది. “గా లైటు ఆర్పినంకనే పోయింది గదా?” అంది.

యాదృచ్ఛికం అన్నాను. “గట్లనా” అని ఫోను టార్చి వేసుకుని పాల ప్యాకెట్‌కు పోయింది. చౌరస్తా దాటి పోవాలి కదా.

మే 30

ఆఫీసు నుంచి వస్తుంటే రేణుకమ్మ ఆపింది. బండికి ఛార్జింగ్ లైటు కట్టుకుంది. గంట కాగానే అది మినుకుమినుకుమంటోందట. చీకట్లో ఎవరూ ఆగడం లేదు. పిండి మిగిలిపోతోంది. నిన్న చీకట్లో నూనె చేతి మీద చిందింది. గుడ్డ కట్టుకుంది.

“సారూ, నువ్వు పేపరోనివి. నీకు దెలుస్తది. గీ లైటు వద్దని స్థానికులు అన్నరంట. నేను గల్లీలందర్నీ అడిగిన. నేననలే అంటే నేననలే అంటుండ్రు. గా స్థానికులెవరో జర సూపియ్యి సారూ. ఒక్కసారి మాట్లాడ్త.”

“తెలుసుకుంట,” అన్నాను.

“దొరికితే ఈడికి తీస్కరా. టార్చి వట్టుకొని నిలవెడ్త.”

బజ్జీలు కొన్నాను. తినలేదు.

జూన్ 1

ఆదివారం. ఎడపల్లి వెళ్ళాను. మే 22కు ముందు రావు గారు తీసిన ఫొటో చూస్తే, ఆయన తీసిన దాంట్లో గీత ఉంటే, నా సంగతి తేలుతుంది. మోటారు షెడ్డు పక్కన ఆయన పరికరం ఉంటుంది. పాత డిష్ యాంటెనా స్తంభం మీద బిగించారు.

“ఫొటో చూపించండి,” అన్నాను.

“ఫొటో తీయలేదండీ. కంటితో చూశాను.”

పైపు మూత తీశాను. చీలిక కనబడలేదు. కందిరీగ మట్టితో గూడు కట్టి ఉంది. ఎండి రాయిలా అయింది. గోరుతో గీకితే రాలేదు.

“ఇది ఎప్పటిది?”

“ఉగాదికి ముందే కట్టినట్టుందండీ.”

“మరి గీత?”

“ఇన్నేళ్ళలో సవరణ పడలేదని మీరే కదండీ చెప్పేది. మీరు చూశాక ఇంక నేను చూసేదేంటి. పైగా ధాన్యం గురించి రాసి పెట్టారు. లేదని ఎలా అంటానండీ?”

ఆయన మీద కోపం రావాలి. ఆయన నన్ను నమ్మి ఉందన్నారు. నేను ఆయన్ని నమ్మి ఉందని రాశాను. నలుగురు నన్ను నమ్మి వేశారు. ఇందులో ఎవరు నక్షత్రాన్ని చూశారో వెతుకుతూ బోధన్ రోడ్డు మీద ఇంటికి వచ్చాను.

నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి ఆయన అడిగింది కూడా రాయాలి. “మీ యంత్రం సరిచూసింది ఎప్పుడండీ?”

“నిరుడు,” అన్నాను.

జూన్ 2

మే 12 నాటి అసలు ఫొటో తెరిచాను. కత్తిరించనిది.

నక్షత్రం పట్టీ మధ్యలో సన్నగా ఉంది. నక్షత్రంలో పుట్టిన గీత అయితే ఆ పట్టీ అంచు దగ్గర ఆగాలి. ఇది ఆగలేదు. పట్టీ దాటి పైకి, కిందికి, ఫొటో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది. నక్షత్రం లేని చోట కూడా ఉంది.

నేను కత్తిరించిన ముక్కల్లో ఉంది.

హీలియం గీత, సోడియం గీత పక్కపక్కనే పడతాయి. నిరుటి కొలతలో వెంట్రుక వాసి తేడా వస్తే చాలు. మే 11న చౌరస్తాకు ఏ బల్బులు వచ్చాయో నేనే రాసి పెట్టుకున్నాను, కొన్ని పేజీల వెనుక.

అయినా ఇది అనుమానం. రుజువు కావాలంటే లైటు వెలగాలి.

జూన్ 3

లైట్ల ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. అయిదు నిమిషాలు చౌరస్తా లైటు వేయమని అడిగాను.

“మీరే గదా సార్ వద్దని రాసింది?”

“స్థానికులు అన్నరు.”

“మరి ఇప్పుడు?”

“వాళ్ళే అంటున్నరు.”

ఆయన ఫైలు చూపించాడు. నా ఐటం క్లిప్పింగు పైన ఉంది. పేపరు మీద ఆగింది పేపరు మీదే రావాలన్నాడు. లంచం ఏమీ అడగలేదు. టీ తెప్పించాడు.

జూన్ 4

‘చౌరస్తాలో చీకటితో ఇబ్బంది పడుతున్నామని, హైమాస్ట్ లైటు వెంటనే వెలిగించాలని స్థానికులు కోరుతున్నారు.’

కల్యాణి అంది: “సార్, గీ స్థానికులు, గా స్థానికులు ఒక్కటేనా?”

“ఈసారి నిజంగా బహువచనం,” అన్నాను. రేణుకమ్మ, గల్లీ ఆడవాళ్ళు, పుష్పలత. పేర్లతో సహా పంపాను. పేర్లు తీసేసి వేశారు. జాగా లేదట.

జూన్ 6

దేవన్న రెండోసారి కొబ్బరికాయ కొట్టాడు. రిబ్బను మళ్ళీ కట్టించి మళ్ళీ కత్తిరించాడు. చీకటి మీద స్థానికులతో కలిసి తాను చేసిన పోరాటం ఫలించిందన్నాడు. చొక్కా కొత్తది.

నేను అక్కడ ఉండలేదు. డాబా మీద ఉన్నాను.

లైటు లేనప్పుడు: అనూరాధ పట్టీ, గీత లేదు. లైటు వెలిగాక: అనూరాధ మీద గీత ఉంది. చిత్ర మీదికి తిప్పాను. ఉంది. తర్వాత చుక్క ఒక్కటీ లేని చోటికి తిప్పాను.

నక్షత్రం లేదు. పట్టీ లేదు. గీత ఉంది.

జూన్ 7

సవరణ రాశాను. మొదటిసారి కదా, నాలుగుసార్లు రాశాను. చివరికి మిగిలింది:

‘మే 23న ప్రచురించిన వార్తలో అనూరాధ నక్షత్రంలో కనిపించినట్లు పేర్కొన్న పసుపు గీత నక్షత్రానిది కాదు. అది విలేకరి ఇంటి ముందున్న హైమాస్ట్ లైటుది. ఎడపల్లి రైతు ధ్రువీకరణ జరగలేదు. ఫొటో విలేకరి కత్తిరించినది.’

కల్యాణి చదివి ఫోన్ చేసింది. “ఫొటో వాక్యం అవసరమా సార్? మీ పేరు పోతది.”

“గదొక్కటే అసలు వాక్యం,” అన్నాను. “కత్తిరించకు.”

ఆస్ట్రేలియాకు అసలు ఫొటో పంపాను. వెంటనే జవాబు వచ్చింది. ధన్యవాదాలు చెప్పాడు. సోడియం గీత దొరికింది కాబట్టి ఇప్పుడు కొలత సరిచూసుకోవచ్చని, మంచి దీపం దగ్గర్లో ఉండటం అదృష్టమని రాశాడు.

జూన్ 8

సవరణ పడింది. పదో పేజీలో, రాశిఫలాల కింద.

నిన్న గ్రూపులో కూడా పెట్టాను. మూడు దండాలు, ఒక బొటనవేలు వచ్చాయి. పొద్దున నాలుగు పేపర్లూ చూశాను. ఎవరూ వేయలేదు.

మల్లికార్జున్‌కు ఫోన్ చేశాను. “అన్నా, నువ్వంటే నీ పేపర్ల నువ్వు రాసుకున్నవ్. నేను నీతోని మాట్లాడిన అని రాసిన. నువ్వు నవ్వినవ్ అని రాసిన. ఇప్పుడు గీత లేదంటే నవ్వు సంగతేంది? మా ఇంచార్జి నన్ను ఉంచడు. ఉండనియ్యరాదే గీత, నీకేం బరువు.”

ఉంది అన్న పేపర్లు నాలుగు. లేదు అన్నది ఒకటి. మా పద్ధతిలో లెక్కిస్తే గీత ఇంకా ఉంది.

రావు గారు చదివారు. “నా మాట తీసేయాల్సింది కాదండీ,” అన్నారు. “పోనీ, గూడు కొట్టేశాను. ఈసారి నిజంగా చూస్తాను. నేను చూసేదాకా మాత్రం చెప్పకండి మీకేం కనబడిందో.”

జూన్ 9

సాయంత్రం గాలి వచ్చింది. వాన రాలేదు. ఎనిమిది దాటాక హైమాస్ట్ టప్పుమని ఆరిపోయింది. పాత బల్బులు. చౌరస్తా అంతా చీకటి. పైన మబ్బు ముక్క కూడా లేదు. అనూరాధ ఎక్కి వస్తోంది. ఈ ఏడాది ఇంత మంచి ఆకాశం ఇదే. ‘మంచి’ అని రాశాను. ఉండనీ.

పరికరం కోసం మెట్ల దాకా వెళ్ళాను. కింద బండి దగ్గర రేణుకమ్మ చీకట్లో చేత్తో తడుముకుంటోంది. నూనె కాగుతోంది.

కిందికి దిగాను. ఫోను టార్చి వేశాను.

“సారూ, గా స్థానికులు దొరికిండ్రా?”

“దొరికిండు.”

“ఒక్కడేనా?”

“ఒక్కడే.”

ఆమె నా మొహం చూసింది. టార్చి చూసింది. మా డాబా మీద పైపు వైపు కూడా చూసింది. మిర్చి పిండిలో ముంచింది.

తొమ్మిదిన్నర దాకా జనం వచ్చారు. నేను నిలబడే ఉన్నాను. చేయి లాగింది. ఒకసారి తల ఎత్తి చూస్తే అనూరాధ స్తంభం పక్కన ఉంది. ఆరిపోయిన బల్బుల కన్నా కొంచెం పైన.

“జర కిందికి వట్టు సారూ,” అంది రేణుకమ్మ. “సుక్కలకు గాదు, కడాయికి.”